గిన్నె ఖాళీ అయింది, ఎవరు తిన్నారు?

పదవ తరగతి విద్యార్థిని

ఎలుక అనగానే మన ఊళ్ళలో అందరికీ గుర్తొచ్చేవి రెండే. ఒకటి వినాయకుడి వాహనం, రెండోది బోను. మా ఇంట్లో మాత్రం ఎలుక అంటే మల్లి, చుక్కి. రెండూ ఆడవే. మల్లి ఒళ్ళంతా తెలుపు. చుక్కికి తల మీద నల్లటి మచ్చ ఉంది. పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికి మా మామ చెన్నై నుంచి ఒక అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చి ఇచ్చాడు. అప్పటికి వాటి వయసు రెండు నెలలు.

ఈ వ్యాసంలో వాటి తిండి గురించి, బరువు గురించి రాస్తున్నాను. "ఎలుక బరువు గురించి రాయడానికి ఏముంది?" అని మా తరగతిలో కొందరు నవ్వారు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ ఆ బరువు పుస్తకం వల్ల మా ఇంట్లో ఒక సంగతి బయటపడింది. అందుకే రాస్తున్నాను.

మా ఊరు కనకమ్మ సత్రం. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో ఉంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉండేది. అందుకే మా ఇళ్ళలో రాగి సంగటీ ఉంటుంది, సాంబారూ ఉంటుంది. చుట్టూ వరి మళ్ళు. వరి ఉన్న చోట ఎలుకలు ఉండకుండా ఉంటాయా? మా వీధిలో వాళ్ళు మల్లినీ చుక్కినీ చూసి, "మేము మళ్ళో ఎలుకలకు మందు పెడతా ఉంటే, మీరు ఇంట్లో ఎలుకలకు మేత పెడతా ఉండారే!" అని ఎగతాళి చేసేవాళ్ళు. మా అవ్వ మాత్రం, "పోనీలేండమ్మా, స్వామి వాహనం ఇంటికొచ్చింది" అనేది.

మళ్ళో తిరిగేవి వేరు, ఇవి వేరు. పెంపుడు తెల్ల ఎలుకలు గోధుమరంగు ఎలుక జాతి నుంచి వచ్చినవి. ప్రయోగశాలల్లో పెంచేవీ ఇవే. రెండు మూడేళ్ళు బతుకుతాయి. ఒంటరిగా ఉంటే దిగులు పడతాయి కాబట్టి కనీసం రెండింటిని కలిపి పెంచాలి. వాటి ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఆ పళ్ళు పసుపు, నారింజ రంగులో ఉంటే జబ్బు అనుకోకూడదు, ఆరోగ్యంగా ఉన్న ఎలుక పళ్ళ రంగే అది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎలుకకు వాంతి రాదు. తినకూడనిది తింటే బయటికి కక్కలేదు. అందుకే మనం పెట్టేది చూసి పెట్టాలి.

పెద్ద ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాముల పొడి తిండి తింటుంది. మా ఊళ్ళో ఎలుకల కోసం తయారు చేసిన మేత దొరకదు. అందుకని నేనూ నాయనా కలిసి మా అంగడి సరుకుల్లోంచే ఒక కలగలుపు చేసుకున్నాం. గోధుమ రవ్వ, రాగులు, సజ్జలు, కొర్రలు ఎక్కువ. ఉడికించిన పప్పు కొంచెం. వారానికి రెండు సార్లు ఉడికిన కోడిగుడ్డు ముక్క. రోజూ కూరగాయల్లో ఏదో ఒకటి, క్యారెట్టు, దోసకాయ, గుమ్మడి, లేకపోతే గుప్పెడు మునగాకు. పండు అంటే అరటిపండు చిన్న ముక్క, అదీ ఎప్పుడో ఒకసారి. పచ్చి చిక్కుడు గింజలు, పచ్చబడిన ఉర్లగడ్డ, చాక్లెట్టు, మురుకులు, కూల్‌డ్రింకు పెట్టకూడదు. ఒక గిన్నెలో సాయంత్రం రెండింటికీ కలిపి 32 గ్రాములు పెట్టేదాన్ని. ఎలుకలు రాత్రిపూట తిరిగేవి కాబట్టి సాయంత్రమే మేత. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ. "బాగా తింటా ఉండాయి" అని ఇంట్లో అందరికీ సంతోషం.

మా అంగట్లో ఏలకులు, మిరియాలు తూచడానికి ఒక చిన్న తూకం ఉండేది. ఒక్క గ్రాము తేడా కూడా చూపిస్తుంది. కొత్తది కొన్నాక నాయన ఆ పాతది నాకిచ్చేశాడు. ప్రతి ఆదివారం సాయంత్రం, మేత పెట్టకముందు, ఒక ప్లాస్టిక్ డబ్బా ఆ తూకం మీద పెట్టి, డబ్బా బరువు సున్నా చేసి, ఒక్కో ఎలుకను అందులో కూర్చోబెట్టి చూసేదాన్ని. మొదట్లో అవి డబ్బాలోంచి దూకేవి. అడుగున నాలుగు బొరుగులు వేస్తే అవి తినేదాకా కదలకుండా ఉంటాయని తమ్ముడు కనిపెట్టాడు. ఆ బొరుగుల బరువు గ్రాములో సగం కూడా ఉండదు.

నా పుస్తకంలో ఉన్న అంకెలు ఇవి. జూన్‌లో వచ్చినప్పుడు చుక్కి 162 గ్రాములు, మల్లి 158. జూలై చివర చుక్కి 221, మల్లి 205. ఆగస్టు చివర చుక్కి 268, మల్లి 211. సెప్టెంబరు మూడో వారంలో చుక్కి 305, మల్లి 203.

పెంపుడు ఆడ ఎలుక పూర్తిగా పెరిగాక మామూలుగా 250 నుంచి 350 గ్రాములు ఉంటుంది. మా రెండింటి బరువూ కూడి రెండుతో భాగిస్తే 254 వస్తుంది. లెక్కల పరీక్షలో అయితే ఇది చక్కటి జవాబు. కానీ అయిదు నెలల వయసుకే 305 వచ్చిన చుక్కి అప్పటికే గోడ ఎక్కలేక ఆయాసపడుతోంది. పెరగాల్సిన వయసులో మల్లి తగ్గుతోంది. సగటు సరిగ్గా ఉంది, రెండు ఎలుకలూ సరిగ్గా లేవు.

ఒక్క తూకాన్నే నమ్మకూడదని తరవాత తెలుసుకున్నాను. కొన్ని ఎలుకల ఎముకే పెద్దది, కొన్నింటిది చిన్నది. అందుకే వేలితో వీపు వెన్నెముక మీద, తుంటి ఎముకల మీద మెల్లిగా తడిమి చూడాలి. ఎముకలు గుచ్చుకుంటున్నట్టు తగిలితే బక్కచిక్కినట్టు. ఎంత తడిమినా ఎముక తగలకపోతే కొవ్వు పట్టినట్టు. కొంచెం నొక్కితే తగిలేలా ఉంటే సరిపోయినట్టు. మల్లి వెన్ను పూసలు పూసలుగా తగిలింది. చుక్కిది తగల్లేదు.

మల్లికి జబ్బేమో అని నాకు భయం వేసింది. ఎలుకలు జబ్బును దాచుకుంటాయి, చాలాసార్లు బరువు తగ్గడమే మొదటి గుర్తు. నాయన సైకిల్ మోటారు మీద పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ అందరూ ఆవుల్ని, మేకల్ని పట్టుకొచ్చారు. మా డబ్బా చూసి నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. ముందు పళ్ళు వంకరగా పెరిగాయా అని నోరు తెరిచి చూశారు. శ్వాసలో గురక ఉందా అని చెవి పెట్టి విన్నారు. కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక ఉందేమో చూశారు. అది రక్తంలా కనిపిస్తుంది కానీ రక్తం కాదు, ఎలుకకు ఒంట్లో బాగాలేనప్పుడు కారే ఎర్రటి స్రావం. ఏదీ లేదు. "ఇది తింటా ఉందా?" అని అడిగారు. "తింటా ఉంది సార్, రోజూ గిన్నె ఖాళీ" అని నాయన చెప్పాడు. "గిన్నె ఖాళీ అవడం కాదండీ, ఇది తినేది మీరెవరైనా చూశారా?" అన్నారు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

అదే వారం మా మడి గట్ల మీద ఎలుకలు పట్టడానికి ఒక ఇరుళ తాత వచ్చాడు. మా వైపు పొలాల్లో ఎలుకలు పట్టేది ఎక్కువగా ఇరుళవాళ్ళే. ఆంధ్రా వైపు యానాదులు ఈ పని చేస్తారు. ఆ తాత గట్టు మీద నడుస్తూనే ఏ బొక్కలో ఎలుక ఉందో, ఏది ఖాళీదో చెప్పేస్తాడు. ఒక బొక్క తవ్వితే లోపల చేతికి పట్టనన్ని వరి కంకులు పేర్చి ఉన్నాయి. ఆయన అవి బయటికి తీస్తూ, "ఇదంతా అది తినేదానికి కాదు పాపా. ఎలుక తిన్నది వేరే, దాచింది వేరే. బలమైంది ముందొచ్చి మోసుకుపోతాది" అన్నాడు.

నేను ఇంటికి వచ్చి పంజరంలో చుక్కి పడుకునే పాత గుడ్డ ఎత్తి చూశాను. కింద సజ్జలు, రాగులు, ఎండిపోయిన గుడ్డు ముక్క, పన్నెండు చెనక్కాయ పలుకులు! ఆ రాత్రి దీపం తగ్గించి నేనూ తమ్ముడూ పంజరం పక్కన కూర్చున్నాం. మేత పెట్టగానే చుక్కి గిన్నెలో రెండు కాళ్ళూ వేసి నిలబడింది. మంచివన్నీ ఏరుకొని తినింది, మిగిలినవి మోసుకుపోయింది. మల్లి దూరంగా కూర్చొని చూస్తూ ఉంది. గొడవ పడలేదు, అరవలేదు. చుక్కి పోయాక వచ్చి గిన్నె అడుగున మిగిలిన రాగులు నాకింది. గిన్నె ఖాళీ అయింది.

చెనక్కాయ పలుకులు అవ్వ పెట్టేవి. పంజరం దగ్గరికి ఎవరు పోయినా చుక్కి ముందు పరుగెత్తి వచ్చి కమ్మీలు పట్టుకుంటుంది. అవ్వ ముద్దుగా పలుకు అందిస్తుంది. రోజుకు అయిదారు. నేను లెక్క వేసి అవ్వకు చూపించాను. అయిదు పలుకులు సుమారు రెండున్నర గ్రాములు. 250 గ్రాముల ఎలుకకు అది ఒంటి బరువులో నూటికి ఒక వంతు. అదే లెక్కన 50 కిలోల మనిషి రోజూ మామూలు తిండి కాక అర కిలో చెనక్కాయలు తిన్నట్టు. పైగా చెనక్కాయలో దాదాపు సగం నూనే. అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకొని, "అర కిలోనా! నేను అంత పెడతా ఉండానా?" అంది. పెట్టడం మానేయమని నేను చెప్పలేదు. మానేస్తే అవ్వకూ బాధ, చుక్కికీ బాధ. ఒక చిన్న డబ్బాలో రోజుకు రెండు పలుకులు వేసి అవ్వకు ఇచ్చాను. ముందు మల్లికి ఒకటి, అది నోట్లో పెట్టుకున్నాక చుక్కికి ఒకటి.

మేత బరువు నేను మార్చలేదు. అదే 32 గ్రాములు. పెట్టే పద్ధతి మార్చాను. సగం మేతను సాయంత్రం ఇరవై నిమిషాలు రెండింటినీ వేరు వేరు డబ్బాల్లో ఉంచి తినిపించాను. మిగిలిన సగాన్ని గిన్నెలో పెట్టకుండా పంజరం అంతా చల్లాను. కాగితం ముక్కల్లో చుట్టి, కొబ్బరి చిప్ప కింద, పైన కట్టిన తాడు మీద, అట్ట గొట్టంలో దాచాను. ఒక్క గిన్నె ఉంటే దాన్ని ఒక్కరే ఆక్రమించుకోవచ్చు. ఇరవై చోట్ల ఉంటే ఎంత బలమైన ఎలుకైనా ఇరవై చోట్లా నిలబడలేదు. చుక్కికి వెతుక్కోవడంలో వ్యాయామం దొరికింది, మల్లికి తిండి దొరికింది. చుక్కిని ఉపవాసం పెట్టలేదు. చిన్న జంతువును పస్తు పెడితే ప్రమాదం, బరువు మెల్లగానే తగ్గాలి. డిసెంబరు మొదటి వారానికి చుక్కి 284, మల్లి 243.

ఈ సంగతి మా సైన్సు టీచరమ్మకు చెబితే ఆమె నాకు ఇంకో ఎలుకల కథ చెప్పారు. ఇది మన రాష్ట్రంలోనే జరిగింది. నీలగిరి కొండల్లోని కూనూరులో 1918లో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక్క గదిలో ఒక చిన్న కేంద్రం మొదలైంది. దాన్ని నడిపిన డాక్టరు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన ఎలుకల్ని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు దేశంలోని ఒక్కో ప్రాంతం వాళ్ళు తినే భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు సగటున సుమారు 235 గ్రాములు పెరిగాయి. ఎక్కువగా బియ్యమే ఉన్న మద్రాసు భోజనం తిన్నవి సుమారు 155 గ్రాముల దగ్గర ఆగిపోయాయి. అన్నింటికంటే చివర మనమే! అన్నం చెడ్డది కాదు, అన్నంతోనే కడుపు నింపేసి పాలు, కూర, పప్పు తగ్గించడం చెడ్డది అని టీచరమ్మ చెప్పారు. ఆ కూనూరు కేంద్రమే 1958లో హైదరాబాదుకు మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనం బడిలో సత్తుణవు తినేటప్పుడు ఇచ్చే గుడ్డు వెనక కూడా ఇలాంటి ఆలోచనే ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

కానీ నాకు ఒక ప్రశ్న మిగిలింది. భోజనం మంచిదైతే చాలా? మల్లి గిన్నెలో ఉన్నది మంచి భోజనమే. గుడ్డూ ఉంది, పప్పూ ఉంది. దాని నోటిదాకా రాలేదు, అంతే.

ఆ ఆలోచన బుర్రలో తిరుగుతూ ఉన్నప్పుడే ఒక రాత్రి మా ఇంట్లో అన్నం తినేటప్పుడు చూశాను. నాయన, అవ్వ, తమ్ముడు, నేను కూర్చుంటాం. అమ్మ వడ్డిస్తుంది. కోడిగుడ్డు కూర ఉంటే గుడ్లు మా నలుగురికీ వస్తాయి. మేము లేచాక అమ్మ గిన్నె అడుగున ఉన్న పులుసు అన్నంలో కలుపుకుంటుంది. పొద్దున ఇడ్లీలు అయిపోతే టీతో సరిపెట్టుకుంటుంది. గిన్నెలన్నీ ఖాళీ అవుతాయి. "అందరూ తిన్నట్టేనా?" అని అమ్మే అడిగి, అమ్మే గిన్నెలు కడిగేస్తుంది. ఎవరూ అమ్మ తిండి లాక్కోలేదు. అమ్మ ఎవరినీ అడగలేదు. మల్లిలాగే.

కొన్ని నెలలుగా అమ్మకు తల తిరుగుతోంది, నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం వస్తోంది. "వయసైపోతా ఉంది" అని నవ్వేసేది. అమ్మకు 38 ఏళ్ళే. నేను నాయనతో చెప్పాను. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు అంగడి మూసి అమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 అని వచ్చింది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. మన దేశంలో 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే సగం మందికి పైగా. వాళ్ళందరి ఇళ్ళలోనూ రాత్రికి గిన్నెలు ఖాళీ అవుతూనే ఉంటాయి కదా!

డాక్టరమ్మ ఇనుము మాత్రలు ఇచ్చారు. టీతో పాటు వేసుకోవద్దని, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుందని చెప్పారు. మునగాకు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు తినమన్నారు. మాత్రలు అమ్మ వేసుకుంది. తిండి మాత్రం చెప్పినంత సులభం కాలేదు. "మీరు తినండి, నేను తరవాత తింటా" అనే మాట అమ్మకు చిన్నప్పటి నుంచి అలవాటు. అమ్మకు ఎంత చెప్పినా మారదని చుక్కి, మల్లి విషయంలో చేసిందే చేశాం. పద్ధతి మార్చాం. ఇప్పుడు వడ్డించడం మొదలుపెట్టేటప్పుడే అయిదు కంచాలు వరసగా పెడతాం. అమ్మ కంచంలో గుడ్డు మొదట పడుతుంది. ఆ పని తమ్ముడిది. అమ్మ దాన్ని తీసి తమ్ముడికి వెయ్యబోతే, "అమ్మా, ఆదివారం తూకం వేస్తా చూడు!" అని బెదిరిస్తాడు. అవ్వకు మొదట్లో ఇది నచ్చలేదు. "ఆడది అందరికీ పెట్టి తినాల. మేమంతా అట్నే తినలేదా?" అంది. కానీ అవ్వే రెండు వారాల తరవాత, "కోడలా, నీ మాత్ర వేసుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టింది. డిసెంబరులో మళ్ళీ పరీక్ష చేయిస్తే 10.7 వచ్చింది. ఇంకా 12 కాలేదు. మాత్రలు ఆపొద్దన్నారు.

ఎలుకలు పెంచాలనుకునే మిత్రులకు నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. ఒకటి, వారానికి ఒకసారి, ఒకే సమయంలో, ఒక్కోదాన్ని విడిగా తూచి తేదీతో రాసి పెట్టుకోండి. కంటితో రోజూ చూసేవాళ్ళకు మార్పు తెలియదు. రెండు, మేత ఒక్క చోట పెట్టకుండా చల్లండి, పడుకునే గుడ్డ కింద ఏముందో చూడండి. మూడు, ముద్దుగా పెట్టే పలుకు, బొరుగు కూడా లెక్కలోదే, ఇంట్లో ఎవరు పెట్టినా ఒకే డబ్బాలోంచి పెట్టండి. నాలుగు, ఒక వారంలో ఎక్కువ బరువు తగ్గినా, మేత ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. మన ఎండాకాలం వాటికి చాలా కష్టం, ఎలుకకు మనలాగా చెమట పట్టదు. తోక ద్వారానే చాలా వేడి బయటికి పోతుంది. అందుకే పంజరాన్ని నీడలో పెట్టి, దోసకాయ ముక్కలు వెయ్యండి.

ఎలుకలు లేని ఇళ్ళవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఈ రాత్రి మీ ఇంట్లో గిన్నె ఖాళీ అయ్యాక, చివర తిన్నవాళ్ళ కంచంలోకి ఏమి వచ్చిందో ఒక్కసారి చూడండి.